కూటి కోసం గౌను

జర్మన్ హాస్యచిత్రాల్లో వేషం మార్చేవాళ్లు మొదట ప్రేమ కోసం మార్చరు, జీతం కోసం మారుస్తారు. ప్రేమ ఆ తర్వాత వచ్చి చిక్కు తెస్తుంది. 1933 చివర్లో వచ్చిన ‘విక్టర్ ఉండ్ విక్టోరియా’లో పని దొరకని ఒక గాయని, స్టేజీ మీద ఆడవేషం కట్టే మగవాడిగా చలామణీ అయి పేరు తెచ్చుకుంటుంది. యుద్ధం ముగిసిన ఆరేళ్లకు, 1951లో, పశ్చిమ జర్మనీలో కుర్ట్ హాఫ్‌మన్ ‘ఫాన్‌ఫారెన్ డెర్ లీబె’ తీశాడు. ‘ప్రేమ బాకాలు’ అనుకోవచ్చు. అందులో పనిలేక తిరుగుతున్న ఇద్దరు వాద్యగాళ్లు గౌన్లు తొడుక్కుని, విగ్గులు పెట్టుకుని లేడీస్ బ్యాండులో చేరిపోతారు. హాన్స్ ‘హాన్సి’ అవుతాడు, పీటర్ ‘పెట్రా’ అవుతాడు. బ్యాండు నడిపే గడసరి ఆవిడ ఉంటుంది. పాటలు పాడే గాబీ అనే అందగత్తె ఉంటుంది. ఇక కథ ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

ఈ కథ ఎక్కడో విన్నట్టుందే అనిపిస్తే, విన్నదే. ఎనిమిదేళ్ల తర్వాత బిల్లీ వైల్డర్ హాలీవుడ్‌లో తీసిన ‘సమ్ లైక్ ఇట్ హాట్’కు మూలం ఇది. మార్లిన్ మన్రో, టోనీ కర్టిస్, జాక్ లెమన్‌ల ఆ సినిమాను 2000లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తమ దేశపు హాస్యచిత్రాలన్నిటిలోకీ మొదటి స్థానంలో కూర్చోబెట్టింది. 1975లో అదే కథ ‘రఫూ చక్కర్’గా బొంబాయి చేరి రిషీ కపూర్‌కు గౌను తొడిగింది. ఇంత సంతానం ఉన్న తల్లిని మాత్రం ఎవరూ పెద్దగా పలకరించరు. వైల్డర్ స్వయంగా ఆ జర్మన్ చిత్రాన్ని చవకబారు సరుకుగా తీసిపారేశాడు. సినిమా చరిత్ర పుస్తకాల్లోనూ దానికి దొరికేది చాలాసార్లు ఒక అధోజ్ఞాపికే.

ఆ తీసిపారేయడం న్యాయమా కాదా అన్నది చూడాలి. నేరం మోపేవాళ్ల వాదన బలహీనమేమీ కాదు కాబట్టి ముందు దాన్నే విందాం.

1951 నాటి పశ్చిమ జర్మనీని ఊహించుకోండి. నగరాలు ఇంకా సగం శిథిలాలే. తూర్పు నుంచి తరిమివేతకు గురై వచ్చినవాళ్లు దాదాపు 80 లక్షల మంది. చేసిన ఘోరాల గురించి నోరు విప్పేవాళ్లు తక్కువ. థియేటర్లలో మాత్రం పచ్చని లోయలు, జానపద దుస్తులు, పెళ్లిళ్లు. ముందు ఏడాది వచ్చిన ‘ష్వార్ట్స్‌వాల్ట్‌మేడెల్’ రంగుల్లో బ్లాక్ ఫారెస్టు అందాలు చూపించి జనాన్ని వెర్రెత్తించింది. అదే 1951లో, నాజీల భయానికి దేశం వదిలి హాలీవుడ్‌లో స్థిరపడిన నటుడు పీటర్ లోరె తిరిగి వచ్చి, ఒక హంతకుడి కథ ద్వారా నాజీ కాలపు అపరాధాన్ని తవ్వుతూ ‘డెర్ ఫెర్లోరెనె’ తీశాడు. ఎవరూ చూడలేదు. ఆయన మూటాముల్లె సర్దుకుని అమెరికా వెళ్లిపోయాడు, మళ్లీ ఎప్పుడూ సినిమాకు దర్శకత్వం వహించలేదు. అలాంటి ఏడాదిలో ఇద్దరు మగవాళ్లు గౌన్లలో తడబడుతుంటే కడుపుబ్బ నవ్వుకున్న ప్రేక్షకుల మీద, వాళ్లను నవ్వించిన దర్శకుడి మీద కోపం రావడం సహజమే. 1962 ఫిబ్రవరిలో ఓబర్‌హౌజెన్‌లో 26 మంది యువ సినిమావాళ్లు సంతకాలు పెట్టి పాత సినిమా చచ్చిపోయిందని ప్రకటించినప్పుడు, వాళ్ల మనసులో ఉన్నది సరిగ్గా ఈ తరహా సినిమాలే. ‘నాన్నగారి సినిమా’ అని ఎగతాళి చేసేవారు.

హాఫ్‌మన్ చరిత్ర కూడా ఆ కోపానికి ఆజ్యం పోస్తుంది. ఆయన తండ్రి కార్ల్ హాఫ్‌మన్, మూకీల కాలపు మహా ఛాయాగ్రాహకుడు. కొడుకు దర్శకుడిగా నిలదొక్కుకున్నది మాత్రం నాజీల ఏలుబడిలో. 1941లో, యుద్ధం మధ్యలో, హైంట్స్ ర్యూమన్‌తో విమానాల మీద ‘క్వాక్స్’ అనే హాస్యచిత్రం తీసి పెద్ద విజయం సాధించాడు. రాజ్యం మారింది, చేతివాటం మారలేదు. నొప్పించకుండా నవ్వించడం ఆయన వృత్తి. ఆ వృత్తికి ఏ ప్రభుత్వంతోనూ పేచీ రాలేదు.

అన్నిటికంటే గట్టి అభియోగం వేరే ఉంది. హాన్స్, పీటర్ నేరుగా లేడీస్ బ్యాండులో చేరరు. ముందు ఏ హోటల్లో ఏ తరహా సంగీతం చెల్లితే ఆ వేషం కడతారు. జిప్సీ సంగీతం కావాలంటే జిప్సీలవుతారు. జాజ్ కావాలంటే ముఖానికి నల్లరంగు పూసుకుంటారు. ఆ వరసలో చివరి మజిలీ ఆడవేషం. రోమా, సింతీ ప్రజలను ఔష్విట్జ్ గ్యాస్ గదులకు పంపిన ఏడెనిమిదేళ్లకే, అదే దేశంలో, జిప్సీ వేషం నవ్వులాటగా తెర మీదికి వచ్చింది. బతికి బయటపడ్డవాళ్లు అప్పటికి నష్టపరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. 1943కు ముందు వాళ్ల మీద జరిగింది జాతి హింస కాదు, నేర నివారణ చర్య అని 1956 జనవరిలో పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది కూడా. ఈ సంగతులు తెలిశాక ఆ సన్నివేశాల దగ్గర నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. ఆనాటి ప్రేక్షకుడికి అడ్డం పడలేదన్నదే అభియోగం.

ఇప్పుడు రెండో వైపు. ఇక్కడ కథ పుట్టుకను కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథ 1951లో పుట్టలేదు, మ్యూనిక్‌లోనూ పుట్టలేదు.

రాబర్ట్ టోరెన్ 1903లో బ్రూన్‌లో, అంటే నేటి చెక్ నగరం బ్ర్నోలో పుట్టాడు. జర్మన్ నటుడు. 1933లో హిట్లర్ వచ్చాక జర్మనీ విడిచి పారిస్ చేరాడు. నటుడికి భాషే పెట్టుబడి. ఊరు దాటితే అది చెల్లని నోటు. టోరెన్ నటన వదిలి రచన పట్టాడు. మైకేల్ లోగన్‌తో కలిసి రాసిన కథను 1935లో రిషార్ పోతియే ఫ్రెంచిలో ‘ఫాన్‌ఫార్ దామూర్’గా తీశాడు. పనిలేని వాద్యగాళ్లు, పూటకో వేషం, చివరికి లేడీస్ బ్యాండు — అంతా అందులో ఉంది. 1951 చిత్రానికి హైంట్స్ పౌక్ స్క్రీన్‌ప్లే రాసింది ఆ పునాది మీదే.

ఈ చరిత్ర తెలిశాక ఆ వేషాల వరస నాకు వేరేలా కనిపిస్తుంది. సొంత పేరుతో, సొంత యాసతో బతకనివ్వని చోట, ఎవరికి ఎవరు కావాలంటే వాళ్లుగా మారి పొట్ట పోసుకోవడం ప్రవాసి రోజువారీ బతుకు. ఆ రోజుల్లో పారిస్‌లో ఇలాంటివాళ్లు ఎందరో ఉన్నారు. వైల్డర్ కూడా బెర్లిన్ నుంచి పారిపోయి కొన్నాళ్లు అక్కడే తలదాచుకున్నాడు. టోరెన్ తన జీవితాన్నే రాశాడని నేననను. కానీ కోటి విద్యలు కూటి కొరకే అన్నమాటను ఆ కథంత సూటిగా పట్టుకున్నది నాకు ఇంకోటి గుర్తు రావడం లేదు. విచిత్రమేమిటంటే, జర్మనీ వెళ్లగొట్టిన మనిషి కథనే జర్మనీ మళ్లీ తెచ్చుకుని తన కథగా నవ్వుకుంది. నవ్వుకోవడానికి దానికీ తగినంత కారణం ఉంది.

1950 ఫిబ్రవరిలో పశ్చిమ జర్మనీలో నిరుద్యోగులు 20 లక్షలు దాటారు. మరుసటి ఏడాది కూడా పనిచేయగల పదిమందిలో ఒకరికి పని లేదు. వాద్యగాళ్ల గతి మరీ హీనం. యుద్ధం ముగియగానే చాలామందికి తిండి పెట్టింది అమెరికన్ సైనికుల క్లబ్బులు. నిన్నటిదాకా వాల్ట్‌జ్‌లు వాయించినవాడు, నాజీలు నిషిద్ధమన్న జాజ్‌ను రాత్రికి రాత్రి నేర్చుకుని వాయించాడు. జనం అడిగిన వేషం కట్టడమన్నది ఆ ప్రేక్షకులకు సినిమా కల్పన కాదు. పార్టీ బ్యాడ్జి తీసేసి ప్రజాస్వామ్యవాదిగా మారినవాడి నుంచి సిగరెట్లు అమ్ముకున్న ప్రొఫెసరు దాకా అందరూ ఏదో ఒక విగ్గు పెట్టుకున్నవాళ్లే. సినిమా ఆ మాట పైకి అనదు. అని ఉంటే ‘డెర్ ఫెర్లోరెనె’ లాగే ఖాళీ హాల్లో ఆడేదేమో.

ఇంకో సంగతి ఉంది, విమర్శకులు దీని దగ్గర ఎందుకు ఆగరో నాకు అర్థం కాదు. యుద్ధంలో మగవాళ్లు పోయారు, లేదా ఖైదీలయ్యారు. ఫ్యాక్టరీలు, ట్రాములు, శిథిలాల ఎత్తివేత, అన్నీ ఆడవాళ్లు చూసుకున్నారు. మగవాళ్లు తిరిగొచ్చాక సీను మారింది. ఆడవాళ్లు ఇంటికి పొండి, ఉద్యోగాలు మగవాళ్లకు వదలండి అని ఒత్తిడి మొదలైంది. 1949 రాజ్యాంగంలో స్త్రీపురుషులు సమానమన్న వాక్యాన్ని ఎలిజబెత్ సెల్‌బెర్ట్ పట్టుబట్టి చేర్పించింది నిజమే. అయినా పాత పౌర చట్టం ప్రకారం, భార్య చేసే ఉద్యోగాన్ని భర్త కోర్టు అనుమతితో మాన్పించే వీలు 1958 దాకా ఉండిపోయింది. అలాంటి దేశంలో ఈ సినిమా ఏం చూపిస్తోంది? మగవాళ్లకు పని లేదు, ఆడవాళ్ల బ్యాండుకు పని ఉంది. మగవాడు ఆ ఉద్యోగం కోసం మీసం గీయించుకుని వరసలో నిలబడాలి. అప్పటి ప్రచారాన్ని తలకిందులు చేసి చూపించిన జోకు ఇది. దర్శకుడు కావాలని చేశాడా అంటే, బహుశా లేదు. కథ పాతది, కాలం దాన్ని కొత్తగా చేసింది.

లేడీస్ బ్యాండన్నది కూడా గాలిలోంచి ఊడిపడింది కాదు. 19వ శతాబ్దంలో బొహీమియా కొండల్లో ప్రెస్‌నిట్స్ అనే చిన్న ఊరు ఉండేది. గనులు మూతబడ్డాక అక్కడి కుటుంబాలు పిల్లలకు సంగీతం నేర్పి బ్యాండులు కట్టి పంపేవి. ఆ ఊరి ఆడపిల్లల బ్యాండులు యూరప్ దాటి తూర్పు దేశాల దాకా వెళ్లి కాఫీ హోటళ్లలో వాయించి ఇంటికి డబ్బు పంపాయి. ఊరికి సొంత సంగీత పాఠశాల ఉండేది. 1945 తర్వాత ఆ జర్మన్ కుటుంబాలను తరిమేశారు. 1970లలో ఊరు జలాశయం కింద మునిగిపోయింది. ఒకే రకం గౌన్లు తొడుక్కుని చిరునవ్వుతో ఫిడేలు వాయించే అమ్మాయిలు జర్మన్ ప్రేక్షకుడికి సరదా దృశ్యమే కావచ్చు. ఆ అమ్మాయిల వెనక ఉన్నదీ కూటి లెక్కే. గ్రేటె వైజర్ పోషించిన లీడియా డెస్టే ఆ ప్రపంచపు మనిషి. పేరు ఫ్రెంచి, నోరు బెర్లిన్‌ది. క్రమశిక్షణ, లెక్కలు, ఎవరు ఎవరితో తిరుగుతున్నారన్న ఆరా, అన్నీ ఆమె చేతిలోనే.

నటీనటుల ఎంపికలో కూడా ఒక తెలివి ఉంది. హాన్స్‌గా వేసిన డీటర్ బోర్షె ఆ రోజుల్లో గౌరవానికి మారుపేరు. 1949లో ‘నాఖ్ట్‌వాఖె’లో కేథలిక్ ఫాదరీగా వేసి ఆడవాళ్ల హృదయాల్లో పీఠం వేసుకున్నాడు. 1951లోనే ‘డాక్టర్ హోల్’లో ఉదాత్తుడైన వైద్యుడు. అలాంటివాణ్ని విగ్గుతో, చెవిపోగులతో నిలబెడితే సగం నవ్వు ఉచితంగా వస్తుంది. (ఇదే బోర్షె 1963లో బెర్లిన్ నాటకరంగం మీద, యూదుల సంహారం జరుగుతుంటే మౌనం వహించిన పోప్‌గా, హోఖ్‌హూత్ నాటకంలో వేసి దేశాన్ని కుదిపాడు. మనిషిని ఒక సినిమాతో కొలవకూడదు.) రెండోవాడు గేయోర్గ్ టొమాలా పుట్టు హాస్యగాడు. గౌను తొడుక్కున్నాక బోర్షె ఇబ్బందిపడతాడు, టొమాలా కుదురుకుంటాడు. ఈ తేడా చివరిదాకా సినిమాకు బలం.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక తేడా స్పష్టంగా తెలుస్తుంది. స్థానం నరసింహారావు సత్యభామగా స్టేజీ ఎక్కితే, లోపల ఉన్నది మగవాడని ప్రేక్షకుడు మరిచిపోవాలి. అందులోనే కళ ఉంది. హాస్యచిత్రంలో ఆడవేషం అందుకు విరుద్ధం, ప్రేక్షకుడు ఒక్క క్షణం కూడా మరిచిపోకూడదు. వైల్డర్ తన సినిమాకు బార్బెట్ అనే పేరున్న ఆడవేషధారిని పిలిపించి నటులకు నడక నేర్పించబోయాడు. టోనీ కర్టిస్ బుద్ధిగా నేర్చుకున్నాడు. జాక్ లెమన్ నాకొద్దన్నాడు. హైహీల్స్ మీద సరిగ్గా నడిస్తే నవ్వెక్కణ్నించి వస్తుందని ఆయన లెక్క. లెక్క తప్పలేదు.

ఇప్పుడు వైల్డర్ దగ్గరికే వద్దాం, ఎందుకంటే అసలు తూకం ఇక్కడ పడాలి. వైల్డర్, ఆయన సహరచయిత ఐ.ఏ.ఎల్. డైమండ్ మూలకథలో ఉన్న వేషాల వరసంతా తీసేసి, లేడీస్ బ్యాండును మాత్రం ఉంచుకున్నారు. వాళ్లకు ముఖ్యంగా నచ్చనిది వేషం వేయడానికి చూపిన కారణం. ఉద్యోగం కోసం వేసిన వేషమైతే ఎప్పుడంటే అప్పుడు తీసేయవచ్చు కదా, తీయలేని పరిస్థితి ఉండాలి అనుకున్నారు. అలా 1929 ఫిబ్రవరి 14న షికాగో గ్యారేజీలో ఏడుగుర్ని కాల్చిచంపిన నిజమైన ఘటనను కథలోకి లాగారు. ఇద్దరు వాద్యగాళ్లు ఆ హత్యలు కళ్లారా చూస్తారు. గౌను విప్పితే చావే. జర్మన్ చిత్రంలో గూండాలు లేరు, తుపాకులు లేవు. ఉన్నది ఖాళీ జేబు ఒక్కటే.

రచనా శిల్పం ప్రకారం వైల్డర్ చేసింది మెరుగు. ప్రతి సన్నివేశం కింద నిప్పు పెట్టినట్టయింది. హాఫ్‌మన్ సినిమా సగం దాటాక చల్లబడటానికి కారణం ఆ నిప్పు లేకపోవడమే. పని దొరికింది, జీతం వస్తోంది, ఇక వేషం ఎవరి కోసం? గాబీ కోసం. అక్కణ్నించి అది అందరూ తీసే ప్రేమకథ అయిపోతుంది. అదే సమయంలో, ఖాళీ కడుపును విగ్గులా తీసి పక్కన పెట్టలేమన్న సంగతి 1929 మాంద్యానికి ముందు రోజుల్లో కథ పెట్టుకున్న హాలీవుడ్‌కు గుర్తుండకపోవచ్చు గానీ, 1951 మ్యూనిక్‌కు బాగా గుర్తుంది. ప్రాణభయం లేకపోయినా ఆ వేషానికి కారణం నిజమైనది. షికాగో తుపాకుల కంటే నిజమైనది. మన ‘చిత్రం భళారే విచిత్రం’లో నరేష్ చీర కట్టింది అద్దె ఇల్లు దొరక్క. ఆ కారణం విన్న హైదరాబాదు బ్రహ్మచారి ఎవడూ అతిశయోక్తి అనలేదు.

అయితే కారణం నిజమైనంత మాత్రాన సినిమా నిజమైపోదు. నా ఉద్దేశంలో హాఫ్‌మన్ ఓడిపోయింది వేషానికి మూల్యం కట్టే దగ్గర. హాన్స్‌కూ పీటర్‌కూ ఆడవేషం వల్ల పోయింది ఏమీ లేదు, వచ్చింది కూడా ఏమీ లేదు. విగ్గు తీశారు, మగవాళ్లయ్యారు, ప్రేమ దక్కింది. రెండేళ్ల తర్వాత అదే జంటతో వచ్చిన రెండో భాగం పేరు ‘ఫాన్‌ఫారెన్ డెర్ ఎహె’, ‘పెళ్లి బాకాలు’. బొమ్మరిల్లు సర్దినట్టు అన్నీ యథాస్థానానికి వెళ్లిపోయాయి. వైల్డర్ సినిమాలో అలా కాదు. ఒక సన్నివేశం గుర్తు చేస్తాను. ముసలి కోటీశ్వరుడితో రాత్రంతా టాంగో ఆడి వచ్చిన లెమన్, మంచం మీద వెల్లకిలా పడుకుని, చేతుల్లో గిలకలు ఆడిస్తూ, నాకు నిశ్చితార్థం అయిపోయిందంటాడు. పెళ్లికూతురు ఎవరని కర్టిస్ అడిగితే, నేనే అన్నట్టు జవాబు. ఆ గిలకలు అక్కడ పెట్టింది ప్రేక్షకుల నవ్వులో తర్వాతి మాట మునిగిపోకుండా, లెమన్ కొంచెం సమయం గడపడానికట. కానీ ఆ సమయంలో జరుగుతున్నది నవ్వుకే పరిమితం కాదు. వాడు నిజంగానే సంతోషంగా ఉన్నాడు. ఒకరు తనను కోరుకున్నారు, వజ్రాల బ్రేస్‌లెట్ ఇచ్చారు. నువ్వు మగవాడివిరా అని స్నేహితుడు గుర్తుచేస్తే కాస్త నీరసపడతాడు కూడా. ఆఖర్న విగ్గు పీకేసి నిజం చెప్పినా, ఆ కోటీశ్వరుడు ఏమాత్రం చలించడు. ఎవరూ యథాస్థానానికి తిరిగి వెళ్లరు.

అంటే హాఫ్‌మన్ దగ్గర కారణం నిజం, మూల్యం సున్నా. వైల్డర్ దగ్గర కారణం అల్లినది, మూల్యం అసలైనది. రెండూ ఒకే సినిమాలో కుదిరి ఉంటే ఎలా ఉండేదో తెలుసుకునే భాగ్యం మనకు లేదు.

హాఫ్‌మన్ అలా ఎందుకు వెనక్కి తగ్గాడన్నదానికి దేశం కొంత జవాబు చెబుతుంది. మగవాళ్ల మధ్య శారీరక సంబంధాన్ని నేరం చేసే 175వ సెక్షన్‌ను నాజీలు 1935లో మరింత కఠినం చేశారు. ఆ నాజీ ముక్కను పశ్చిమ జర్మనీ ఒక్క అక్షరం మార్చకుండా 1969 దాకా అమలు చేసింది. ఆ ఇరవై ఏళ్లలో శిక్ష పడినవాళ్లు దాదాపు 50 వేల మంది. గౌనులో ఉన్న మగవాడి వెంట ఇంకో మగవాడు పడే దృశ్యం తెర మీద నవ్వు, పార్కులో జైలు. 1957 మే నెలలో ఆ సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని, ఆడవాళ్లకు వర్తించకపోయినా సమానత్వానికి భంగం లేదని రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే ‘విక్టర్ ఉండ్ విక్టోరియా’ మళ్లీ తీశారు, యోహన్నా ఫాన్ కోట్సియాన్ హీరోయిన్. అందులో విక్టర్‌గా ఆడవేషం కట్టే నటుడి పాత్ర ఎవరిదనుకున్నారు? మన టొమాలాదే. కోర్టు పెంచిన గోడకు అవతల ప్రేక్షకులు హాయిగా నవ్వుకున్నారు.

దీన్ని రెండు రకాలుగానూ చదవవచ్చు. అది ఆవిరి పోయే రంధ్రమని, అసలు ప్రశ్న రాకుండా నవ్వుతో కప్పేశారని ఒక వాదం. చట్టం మాట్లాడనివ్వని చోట కనీసం బొమ్మగానైనా ఆ విషయం తెర మీద బతికి ఉందని రెండోది. నాకు మొదటి వాదమే బరువుగా తోస్తుంది. 1951 జనవరిలో హిల్డెగార్డ్ క్నెఫ్ నటించిన ‘డీ జ్యుండెరిన్’ విడుదలైనప్పుడు కొలోన్ కార్డినల్ ఫ్రింగ్స్ స్వయంగా నిరసన లేఖ రాశాడు, థియేటర్ల ముందు గొడవలు జరిగాయి. కొద్ది నెలల తేడాతో వచ్చిన ‘ఫాన్‌ఫారెన్’ అలాంటి తుపాను ఏమీ చూడలేదు. ఎవరినీ కలవరపెట్టకపోవడం కళకు గొప్ప యోగ్యత కాదు. అటు అమెరికాలో వైల్డర్ చిత్రం మీద కేథలిక్కుల లీజన్ ఆఫ్ డీసెన్సీ అభ్యంతరం తెలిపింది. కలవరపడ్డవాళ్లు సినిమాను సరిగ్గానే అర్థం చేసుకున్నారని నా అనుమానం.

వైల్డర్ అభిమానులు సాధారణంగా దాటేసే లెక్క ఒకటుంది. అది గాబీ లెక్క, వైల్డర్ సినిమాలో మన్రో వేసిన షుగర్ లెక్క. ఆడమనిషి అని నమ్మి మనసు విప్పి చెప్పుకున్న మాటల్ని, తర్వాత మగవేషంలో వచ్చి ఆమె మీదే ప్రయోగించడం ఈ కథలో ప్రేమ పద్ధతి. రెండు సినిమాల్లోనూ హీరో అదే చేస్తాడు, రెండింట్లోనూ అమ్మాయి క్షమించేస్తుంది. వైల్డర్ దగ్గర మన్రో ముఖం ఆ మోసాన్ని మరిపిస్తుంది. గాబీగా వేసిన ఇంగె ఎగ్గర్‌కు అంత బరువు మోసే పాత్ర ఇవ్వలేదు. ఈ ఒక్క విషయంలో పాతది, కొత్తది అన్న తేడా లేదు. కథలోనే దోషం ఉంది. అయితే మగవాళ్లు చొరబడక ముందు ఆ బ్యాండు ఎలా ఉందో ఓసారి చూడండి. రైలెక్కి ఊళ్లు తిరిగే, సొంత జీతం తీసుకునే, ఒకరితో ఒకరు వేళాకోళాలాడుకునే పనిచేసే ఆడవాళ్ల గుంపు. భార్య ఉద్యోగాన్ని భర్త మాన్పించగల దేశంలో ఆ దృశ్యం ఎందరు ఆడపిల్లల్ని థియేటర్‌కు రప్పించిందో లెక్క కట్టినవారు లేరు.

హాఫ్‌మన్‌ను మరీ ఆ ఒక్క సినిమాకు కట్టేయకూడదు కూడా. 1958లో ఆయన రెండు పనులు చేశాడు. ‘విర్ వుండర్‌కిండర్’లో నిన్నటి నాజీ నేటి బడా వ్యాపారిగా ఎలా వెలుగుతున్నాడో ఎత్తిపొడిచాడు. నొప్పించని మనిషి ఎట్టకేలకు కొంచెం నొప్పించాడు. అదే ఏడాది ‘దస్ విర్ట్స్‌హౌస్ ఇమ్ ష్పెసార్ట్’లో లీజెలొట్టె పుల్వర్ దొరసానిగా, దొంగల చేతికి చిక్కకుండా ఒక పనివాడి బట్టలు మార్చుకుని తప్పించుకుంటుంది. ఈసారి మగవేషం ఆడమనిషిది, పోయే ప్రాణం కూడా ఆమెది. ఆడవేషంలో ఉన్న బోర్షె కంటే మగవేషంలో ఉన్న పుల్వర్ ఎంత స్వేచ్ఛగా కదులుతుందో చూస్తే, ఆ దర్శకుడికి ఈ ఆట మీద నేర్చుకోవలసింది ఉండిందని, కొంత నేర్చుకున్నాడని తెలుస్తుంది. అదే పుల్వర్‌ను 1961లో వైల్డర్ బెర్లిన్ నేపథ్యంతో తీసిన ‘వన్, టూ, త్రీ’లోకి తీసుకున్నాడు. అందులో ఒక జర్మన్ గుమాస్తాకు ఆమె బట్టలు తొడిగి రష్యన్లను బురిడీ కొట్టిస్తారు. వైల్డర్‌కు జర్మన్ హాస్యం మీద ఎంత చిన్నచూపున్నా, అప్పు తీసుకోవడానికి మాత్రం మొహమాటం లేదు. 1945లో అమెరికన్ సైన్యం తరఫున జర్మన్ సినిమారంగాన్ని ప్రక్షాళన చేయడానికి వచ్చిన మనిషి, తల్లిని నాజీల చేతిలో పోగొట్టుకున్న మనిషి, ఆ దేశపు నవ్వును నమ్మకపోవడంలో తప్పేముంది? ఆయన తీర్పులో కళావిమర్శ ఎంత, గాయం ఎంత అని విడదీయడం మన వల్ల కాదు.

టోరెన్ ఈ తగవేమీ చూడలేదు. 1957లో మ్యూనిక్‌లో చనిపోయాడు. వైల్డర్ సినిమా టైటిల్స్‌లో ఆయన పేరు, లోగన్ పేరు ఉన్నాయి. జర్మన్ చిత్రం పేరు లేదు. ఆ సినిమాను జర్మనీలో డబ్ చేసినప్పుడు జాక్ లెమన్‌కు గొంతు ఇవ్వడానికి మనిషి కావలసి వచ్చింది. గేయోర్గ్ టొమాలాను పిలిచారు. అంటే 1951లో పెట్రాగా గౌను తొడుక్కున్నవాడే, అదే పాత్ర హాలీవుడ్ చుట్టి తిరిగొచ్చినప్పుడు మైకు ముందు నిలబడి లెమన్ మాటలన్నీ పలికాడు. జర్మన్ ప్రేక్షకుడికి రెండు సినిమాల మధ్య గోడ అంత మందంగా లేదు.

కాబట్టి ఎవరైనా ఈ పాత చిత్రం చూడవచ్చా అని అడిగితే, మొదటి సగం తప్పకుండా చూడమంటాను. ఆ వేషాల వరస దగ్గర, నవ్వు వచ్చినా రాకపోయినా, ఆగి చూడమంటాను. జిప్సీ వేషం దగ్గర ఇబ్బందిపడటం కూడా చూడటంలో భాగమే. హాన్స్ గాబీకి ప్రేమ పాఠాలు మొదలుపెట్టాక మీ ఇష్టం. అక్కణ్నించి వైల్డర్ ఇంతకంటే చాలా బాగా తీశాడు.